దూరపు కొండనడకకు ఏ వాచీ? తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, అనంతపురం, కర్నూలు వైపు నుంచి హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు పోయేవాళ్లు, నల్లమలలో శ్రీశైలం కాలిబాట పట్టేవాళ్లు బయలుదేరే ముందు వాచీ గురించి అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. చాలామంది ఫీచర్ల పట్టికతో మొదలుపెడతారు. నా లెక్క వేరు. ప్లగ్ పాయింట్ కంటికి కనబడని నాలుగో రోజు సాయంత్రం ఆ వాచీ ఇంకా ఏమేం చూపిస్తుందని ముందు అడుగుతాను. మిగతా సంగతులు దాని తర్వాతే. అందుకే కొన్ని ఖరీదైన హంగుల మీద నాకు పెద్దగా మోజు లేదు. ఆ సంగతి జవాబుల్లో కనబడుతూనే ఉంటుంది.

చేతిలో ఫోన్ ఉంది కదా, మళ్లీ వాచీ ఎందుకు?

ఒక్కరోజు నడకైతే అక్కర్లేదు. గుత్తి కోట ఎక్కి దిగడానికి, గండికోటలో పెన్న లోయ అంచున పొద్దు చూసి రావడానికి ఫోన్ చాలు. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.

నాలుగైదు రోజుల నడకలో కథ మారుతుంది. ఫోటోలు, మ్యాపు, ఇంటికి కాల్, అన్నీ ఫోనే చేయాలి. టైమ్ చూడ్డానికి, ఎత్తు చూడ్డానికి కూడా దాన్నే మాటిమాటికీ బయటికి తీస్తుంటే మధ్యాహ్నానికి ఛార్జింగ్ సగానికొస్తుంది. మన మే నెల ఎండలో ఫోన్ వేడెక్కి, చల్లారేదాకా పని చేయనని మొండికేస్తుంది. మంచులో ఇంకో తంటా: ముప్పై శాతం చూపిస్తూనే టక్కున ఆరిపోతుంది. చిన్న చిన్న పనులు వాచీకి అప్పగిస్తే ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో సంచిలో పడుంటుంది, అవసరమైన రోజుకు మిగులుతుంది.

ఇంకో మాట. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పని చేయదని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. జీపీఎస్‌కు సెల్ టవర్‌తో పని లేదు. ఆకాశం కనబడితే చాలు. టవర్ లేకపోతే ఆగేది ఆన్‌లైన్ మ్యాపు మాత్రమే. కాబట్టి మ్యాపును ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

మల్టీఫంక్షన్ వాచీల్లో రకాలేమిటి?

కొనేవాళ్లకు పనికొచ్చేలా చెప్పాలంటే మూడు. మొదటిది మామూలు డిజిటల్ వాచీ: టైమ్, అలారం, స్టాప్‌వాచ్, లైటు. రెండోది ఆల్టీమీటర్ (ఎత్తు చెప్పేది), బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచేది), కంపాస్ (దిక్కు చూపేది) మూడూ ఉన్న సెన్సర్ వాచీ. దీన్ని ట్రెక్కర్లు ఏబీసీ వాచీ అంటారు. క్యాసియో ప్రోట్రెక్, సూంటో కోర్ ఈ జాతివి. మూడోది జీపీఎస్ వాచీ. గార్మిన్, కోరోస్, అమేజ్‌ఫిట్ టీ-రెక్స్ లాంటివి. వీటిలో చాలావాటికి రెండో రకంలోని సెన్సర్లు కూడా ఉంటాయి, కానీ అన్నిటికీ ఉండవు. తక్కువ ధరవాటిలో బారోమీటర్ తీసేసి, జీపీఎస్‌తోనే ఎత్తు చెప్పించేవి ఉన్నాయి. పెట్టె మీద ‘ఆల్టిట్యూడ్’ అని చూసి మోసపోకండి. బారోమెట్రిక్ సెన్సర్ ఉందా అని అడగండి.

అన్నా, ఏబీసీ తీసుకోవాలా, జీపీఎస్ తీసుకోవాలా? ఒక్క మాటలో చెప్పు.

గైడు ఉన్న, బాట తేటగా ఉన్న ట్రెక్‌కు పోతుంటే సోలార్ ఏబీసీ. సొంతంగా దారి వెతుక్కుంటూ పోయేవాళ్లకు జీపీఎస్.

ఒక్క మాటలో ఒదగని సంగతి కూడా చెబుతా. ఏబీసీ వాచీ ‘నువ్వు ఇక్కడున్నావు’ అని చెప్పదు. ఎంత ఎత్తులో ఉన్నావు, ఎటు చూస్తున్నావు అనే రెండే చెబుతుంది. మ్యాపు చదవడం వచ్చినవాడికి ఆ రెండూ చాలు, రానివాడికి అవి ఉత్త అంకెలు. జీపీఎస్ వాచీ నువ్వు వచ్చిన దారిని గీతగా దాచుకుంటుంది. దారి తప్పినప్పుడు ఆ గీత పట్టుకుని వెనక్కి రావచ్చు. నా దృష్టిలో జీపీఎస్ వాచీకి పెట్టే డబ్బులో సగం ఈ ఒక్క సౌకర్యానికే. పొగమంచులోనో, నల్లమల వెదురు పొదల్లోనో పది అడుగుల బాట మాయమైనప్పుడు దాని విలువ తెలుస్తుంది. అయితే ఛార్జింగ్ ఉన్నంతవరకే ఆ గీత. సోలార్ ఏబీసీకి ఆ భయం లేదు.

కంపెనీ ‘బ్యాటరీ పద్నాలుగు రోజులు వస్తుంది’ అంటుంది. నమ్మొచ్చా?

ఆ అంకె అబద్ధం కాదు, కానీ మీ ప్రశ్నకు జవాబు అది కాదు. అది వాచీని ఊరికే చేతికి పెట్టుకుని, రోజుకు కాసేపు వాడితే వచ్చే లెక్క. మీరు చూడాల్సింది జీపీఎస్ ఆన్‌లో ఉంటే ఎన్ని గంటలు అన్నది. స్పెసిఫికేషన్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కాగితం మీద లెక్క వేయండి. రోజుకు 8 గంటలు, 6 రోజుల నడక అంటే 48 గంటల జీపీఎస్. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 70 గంటలు రాసి ఉన్న వాచీ అయితే ధైర్యంగా పోవచ్చు. చలికీ, బ్యాటరీ పాతబడటానికీ, మీరు ఊరికే లైటు వెలిగించుకోవడానికీ ఆ మిగులు కావాలి. అంత లేకపోతే రికార్డింగ్ మోడ్ మార్చండి. సెకనుకొకసారి కాకుండా నిమిషానికోసారి స్థానం రాసుకునే మోడ్‌లు ఉంటాయి. గీత కొంచెం వంకరగా వస్తుంది, దూరం కొంచెం తక్కువ చూపిస్తుంది, వెనక్కి రావడానికి మాత్రం సరిపోతుంది.

రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ కొలవడం, ఫోన్ నోటిఫికేషన్లు, ఎప్పుడూ వెలిగే స్క్రీన్, ఈ మూడూ బయలుదేరే ముందే ఆపేయండి. మనం కొండెక్కేలోపే బ్యాటరీ కొండెక్కడానికి ఎక్కువసార్లు ఇవే కారణం.

పవర్ బ్యాంకు గురించి టెన్షన్ వద్దు. వాచీ బ్యాటరీ ఫోన్ బ్యాటరీ ముందు చాలా చిన్నది. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో దాన్ని ఎన్నోసార్లు నింపొచ్చు. అసలు చిక్కు కేబుల్‌తో. ఫోన్ కేబుల్ దారిలో ఎవరిదైనా దొరుకుతుంది, కానీ ఒక్కో కంపెనీ వాచీకి ఒక్కో రకం ఛార్జర్ ఉంటుంది. అది పోతే మొత్తం పోయినట్టే. రెండు తీసుకుని వేర్వేరు సంచుల్లో పెట్టండి. విమానంలో పోతుంటే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు.

మన దగ్గర ఎండకు కొదవ లేదు. సోలార్ వాచీ అయితే ఛార్జింగే అక్కర్లేదా?

ఏబీసీ వాచీ అయితే నిజంగానే అక్కర్లేదు. అది తినే కరెంటు చాలా తక్కువ. కిటికీ పక్కన పెట్టినా నిండుతుంది.

జీపీఎస్ వాచీ మీద ‘సోలార్’ అని ఉంటే అంత సంబరపడొద్దు. అక్కడ ఎండ చేసేది బ్యాటరీని కొంచెం సాగదీయడమే. కంపెనీలు చెప్పే అదనపు రోజులు కూడా రోజుకు కొన్ని గంటలు సూటిగా ఎండ తగిలితేనే. అనంతపురం ఎండలో ఎవరైనా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారు, చొక్కా కింద వాచీకి ఎండ ఎక్కడిది? హిమాలయాల్లో జాకెట్టు, గ్లవ్స్. సంచి పట్టీకి పైన వాచీ కట్టుకుంటే ఉపయోగం ఉంటుంది. ఛార్జ్ అవుతుందని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి. మూసిన కారులో వేడికి లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

వాచీ చూపించే ఎత్తు రోజుకో రకంగా ఉంది. చెడిపోయిందా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. చెడిపోలేదు. కాస్త ఓపికగా చదివితే ఈ గడబిడంతా తేలిపోతుంది.

బారోమెట్రిక్ వాచీ నిజానికి ఎత్తు కొలవదు, గాలి ఒత్తిడి కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. మన మైదానాల ఎత్తులో దాదాపు తొమ్మిది మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే కొలమానం) చొప్పున. 5,500 మీటర్ల దగ్గర సముద్ర మట్టంతో పోలిస్తే సగమే మిగులుతుంది. ఈ లెక్కతో వాచీ ఎత్తును ఊహిస్తుంది. అయితే మీరు కదలకపోయినా ఒత్తిడి మారుతుంటుంది. వాన ముందు తగ్గితే, మీరు పైకి ఎక్కారని వాచీ అనుకుంటుంది.

వాతావరణం నిలకడగా ఉన్నా సరే, మనలాంటి ఉష్ణమండల ప్రాంతాల్లో ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ దాకా ఉంటుంది. అంటే బల్ల మీద పెట్టిన వాచీలో మీ ఇల్లు సాయంత్రానికి ముప్పై మీటర్లు పైకి లేస్తుంది! కొన్న వారంలో ఒక సెలవు రోజు గంటగంటకూ చూసి రాసుకోండి, ఈ ఊగిసలాట మీకే కనబడుతుంది. ఇది ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ వాచీని దుకాణానికి తీసుకుపోరు.

ఇక వేడి. వాచీ లెక్క సముద్ర మట్టంలో 15 డిగ్రీలుండే ప్రామాణిక వాతావరణం మీద ఆధారపడింది. మన దగ్గర నలభై. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి అదే ఒత్తిడి తేడా రావడానికి ఎక్కువ ఎత్తు ఎక్కాలి. మూడు డిగ్రీలకు ఒక శాతం చొప్పున తేడా పడుతుంది. ఎండాకాలంలో గుత్తి కోట మైదానం మీద నుంచి మూడు వందల మీటర్లు ఎక్కితే వాచీ 275 చుట్టుపక్కల చూపించడంలో వింత లేదు. గడ్డకట్టే చలిలో ఇదే తలకిందులవుతుంది, ఎక్కినదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

మరి ఎత్తును ఎక్కడ సరిచేయాలి? గూగుల్‌లో చూసి కొట్టొచ్చా?

రైల్వే స్టేషన్‌కు పోండి. చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫాం చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. అంతకంటే మంచి ఉచిత కొలబద్ద లేదు. కడప పట్టణం దాదాపు 138 మీటర్లు, అనంతపురం 335, కర్నూలు 274. వీటితో పోలిస్తే హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. ఊళ్లో సరిచేసి, కొండ మీదికి పోయి వాచీ ఎంత చూపిస్తుందో చూస్తే సెన్సర్ సంగతి తేలుతుంది. ట్రెక్కింగ్‌లో ఎత్తు తెలిసిన ప్రతి చోటా, ముఖ్యంగా పొద్దున బయలుదేరే ముందు, సరిచేయడం అలవాటు చేసుకోండి.

ఫోన్ యాప్‌లో చూసి సరిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. జీపీఎస్ ఎత్తును భూమికి బదులు లెక్కకు తీసుకున్న ఒక నున్నటి దీర్ఘగోళం మీది నుంచి కొలుస్తుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి సముద్ర మట్టం ఆ దీర్ఘగోళానికి వంద మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. ఆ పల్లం ప్రభావం మన దాకా ఉంది. మంచి వాచీలు, యాప్‌లు దీన్ని సవరించే చూపిస్తాయి. సవరించని యాప్‌లో మాత్రం రాయలసీమ ఊళ్లు ఎనభై తొంభై మీటర్లు తక్కువగా కనబడతాయి. ‘కడప యాభై మీటర్లే ఉందేంటన్నా’ అని అడిగినవాళ్లకు జవాబు ఇదే.

హిమాలయాల ట్రెక్కుల్లో ఎత్తును అడుగుల్లో చెబుతారు. కేదార్‌కంఠ 12,500 అడుగులంటే 3,810 మీటర్లు. వాచీలో ఏదో ఒక కొలమానం పెట్టుకుని చివరిదాకా అదే ఉంచండి.

ఇంత గొడవ ఉంటే ఆల్టీమీటర్‌తో ఉపయోగమేంటి?

చాలా ఉంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీతలుంటాయి, గీతకు గీతకు మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. మీరు ఏ బాటలో ఉన్నారో తెలుసు, ఎత్తు తెలుసు, ఆ రెండూ కలిసే చోటే మీరున్నారు. పొగమంచులో ఏమీ కనబడనప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఇంకా ఎంత ఎక్కాలో తెలిస్తే నీళ్లు, ఊపిరి రెండూ చూసుకుని వాడతారు. కొండమీద దూరం కిలోమీటర్లలో చూడటం వృథా. కాళ్లకు తెలిసేది ఎత్తే.

ఇంకోటి ప్రాణానికి సంబంధించింది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. మైదానంలో పుట్టి పెరిగిన మనకు ఇది ఇంకా గట్టిగా గుర్తుండాలి. పడుకునే ముందు వాచీలో ఎత్తు చూసి చీటీలో రాసుకోండి. తలనొప్పి, వాంతులు మొదలైతే వాచీ అంకె వైపు చూస్తూ కూర్చోకుండా కిందికి దిగండి.

వాన, తుపాను ముందే చెబుతుందా?

కొంతవరకు. మూడు గంటల్లో నాలుగు హెక్టోపాస్కల్స్ పడిపోతే మోగే తుపాను అలారం కొన్నిటిలో ఉంది. మీరు ఒకచోట ఆగి ఉన్నప్పుడే దాన్ని నమ్మాలి, ఎక్కుతున్నప్పుడు ఒత్తిడి ఎలాగూ తగ్గుతుంది. టెంటు వేయగానే బారోమీటర్ మోడ్‌లో పెట్టండి. 3,000 మీటర్ల ఎత్తులో రాత్రి పడుకుని లేచేసరికి వాచీలో ఎత్తు నలభై మీటర్లు పెరిగి ఉంటే, ఒత్తిడి మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ తగ్గిందని అర్థం. ఆ రోజు కనుమ దాటే పని పెట్టుకునే ముందు ఆకాశం వైపు చూడాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సాయంత్రం లేచే ఉరుముల వాన వేరే. అది ఉన్నపళంగా కమ్ముకొస్తుంది, బారోమీటర్‌కు ముందుగా పెద్దగా దొరకదు. మధ్యాహ్నం మబ్బు నల్లబడి చల్లగాలి కొడితే కొండ శిఖరం దిగడమే, అలారం కోసం ఆగొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కడప వైపు కొండలకు పోయే ఆలోచనే మానుకోండి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి రాజంపేట వాళ్లు మరిచిపోరు. ఎగువన ఎంత వాన పడిందో ఏ వాచీకీ తెలియదు. వాతావరణ శాఖ హెచ్చరిక చూసి బయలుదేరాలి.

కంపాస్ తప్పుగా చూపిస్తోంది.

చేతిని సమంగా, నేలకు సమాంతరంగా పట్టుకున్నారా? ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉందా? పవర్ బ్యాంకు, బైకు, కరెంటు స్తంభం దగ్గరున్నారా? ముందు ఇవి చూసి, దూరంగా పోయి, మాన్యువల్‌లో చెప్పినట్టు వాచీని తిప్పి సరిచేయండి. బ్యాటరీ మార్చాక కూడా తప్పక సరిచేయాలి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మన జిల్లాల్లో ఒకటి రెండు డిగ్రీలకు మించదు, దాని గురించి బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. సంచిలో మామూలు కంపాస్ ఒకటి పడేసుకోండి. బ్యాటరీ లేని వస్తువుకు ఉండే విలువ వేరు.

గండికోట లోయలో దిగితే జీపీఎస్ గీత నదిలోకి, అవతలి గట్టుకి దూకుతోంది. ఎందుకు?

రాతి గోడల మధ్య ఆకాశం సన్నటి చీలికలా కనబడుతుంది, ఉపగ్రహాలు తక్కువ దొరుకుతాయి. దొరికిన సిగ్నల్ కూడా గోడకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది. వాచీ ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కేసి మిమ్మల్ని పక్కకు జరుపుతుంది. రెండు ఫ్రీక్వెన్సీలు, అంటే ఎల్1, ఎల్5 రెండూ అందుకునే వాచీలు ఈ విషయంలో మెరుగు. లోయలూ దట్టమైన అడవులూ మీ దారైతే ఆ ఫీచర్‌కు డబ్బు పెట్టొచ్చు. బట్టతల కొండల అనంతపురానికి అక్కర్లేదు. ఆ మోడ్ బ్యాటరీని ఎక్కువ తింటుందని కూడా గుర్తుంచుకోండి. బెలుం గుహల్లో అయితే ఏ వాచీ అయినా ఒకటే, లోపల ఆకాశమే లేదు.

‘మన నావిక్ ఉందా?’ అని కొందరు అడుగుతారు. జీపీఎస్ లాంటిదే, మన దేశం సొంతంగా నడిపే ఉపగ్రహ వ్యవస్థ అది. మొదటి ఉపగ్రహాన్ని 2013 జులైలో శ్రీహరికోట నుంచే పంపారు కాబట్టి ఆ అభిమానం సహజమే. చేతి వాచీల్లో అది ఇంకా అరుదు. లేదని మంచి వాచీని వదులుకోకండి.

నల్లమలలో, శేషాచలంలో సొంతంగా రూటు వేసుకుని పోవచ్చా?

వాచీ ప్రశ్న కాదు గానీ చెప్పక తప్పదు. పోకూడదు. నల్లమలలో ఎక్కువ భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే కాలిబాటను శివరాత్రికి, ఉగాదికి భక్తుల కోసం తెరుస్తారు. మిగతా రోజుల్లో అటవీ శాఖ అనుమతి కావాలి. కడప, రాజంపేట వైపు కొండల్లో ఎర్రచందనం గొడవ ఉంది. అనుమతి కాగితం లేకుండా అడవిలో జీపీఎస్‌తో తిరుగుతూ దొరికితే ‘ట్రెక్కింగ్ సార్’ అన్న మాట ఎవరూ వినరు.

అనుమతితో పోయేవాళ్లు బాట గీత ఉన్న జీపీఎక్స్ ఫైల్‌ను ముందే వాచీలోకి ఎక్కించుకోండి. ఉచిత మ్యాపుల్లో నల్లమల లోపలి బాటలు సగం ఉండవు, ఉన్నవి కొన్ని పశువుల దారులు. వెంట వచ్చే చెంచు గైడు మాటకూ వాచీ గీతకూ తేడా వస్తే గైడు మాటే వినండి.

పొద్దు కుంకే సమయం చూపించే ఫీచర్ ఇక్కడ అక్కరకొస్తుంది. నవంబరు చివర్లో ఐదూ నలభై ప్రాంతానికే సూర్యుడు దిగుతాడు, ఆ తర్వాత అరగంటలోపే చీకటి. పొద్దు కుంకడానికి రెండు గంటల ముందు మోగేలా అలారం పెట్టుకోండి. గంటగంటకూ కుయ్యిమనే బీప్ మాత్రం అడవిలో ఆపేయండి.

టచ్ స్క్రీన్ మంచిదా, బటన్లు మంచివా?

బటన్లు. చెమట కారుతున్న వేలికి, వానకి, గ్లవ్స్‌కి టచ్ సరిగ్గా పలకదు. మిలమిల మెరిసే అమోలెడ్ స్క్రీన్ షాపులో బాగుంటుంది. ఎండ పడేకొద్దీ తేటగా కనబడే మామూలు ఎల్‌సీడీ తరహా తెర మన ఎండకు సరైన జోడి, బ్యాటరీ కూడా తక్కువ తింటుంది.

‘50 మీటర్లు’, ‘మిలిటరీ గ్రేడ్’ అని రాస్తారే, వాటి అర్థం?

50 మీటర్లు అంటే అంత లోతుకు దూకమని కాదు. కదలని నీటిలో ఆ లోతు ఒత్తిడికి తట్టుకున్న పరీక్ష అది. వానకు, వాగు దాటడానికి అది చాలు. ఈత కొట్టేవాళ్లు 100 తీసుకోవడం మంచిది. నీటిలో బటన్లు నొక్కొద్దు.

మిలిటరీ గ్రేడ్ అంటే అమెరికా సైన్యం రాసుకున్న మిల్-ఎస్‌టీడీ-810 అనే పరీక్షల పుస్తకం. అందులో ఏవి చేశారు, ఎలా చేశారు అన్నది కంపెనీయే చూసుకుంటుంది. ముద్ర వేసిచ్చే సంస్థ ఏదీ లేదు. దానికోసం అదనంగా రూపాయి కూడా పెట్టను. అద్దం నీలమణి (సఫైర్) అయితే గీతలు పడవు, గట్టిగా తగిలితే మాత్రం పగలొచ్చు. పట్టీ విషయంలో సిలికాన్ కంటే నైలాన్ చెమటకు హాయి.

మా పాప మొదటిసారి ట్రెక్‌కు పోతోంది సార్. గుండె వేగం, ఆక్సిజన్ చూపించేది కొనమంటారా?

అమ్మాయి కోసం కొంటుంటే ఆ రెండింటి కోసమే డబ్బు పెట్టకండి. మణికట్టు మీద పచ్చ లైటుతో కొలిచే గుండె వేగం సమంగా నడుస్తున్నప్పుడు పనికొస్తుంది. చలికి, పట్టీ వదులుగా ఉంటే, చేతికర్ర ఊపుతుంటే తప్పుతుంది. ఆక్సిజన్ అంకె వైద్య పరికరం ఇచ్చే అంకె కాదు. అది తొంభై చూపించిందని ధైర్యంగా పైకి పోవడమూ, డెబ్బై చూపించిందని ఇక్కడ మీరు కంగారు పడటమూ రెండూ తప్పే. ట్రెక్ లీడర్ దగ్గర వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఉందో లేదో అడగండి. ఒళ్లు ఎలా ఉందో దాచకుండా లీడర్‌కు చెప్పమని పాపకు చెప్పండి.

ఇరవై నిమిషాలకోసారి మోగే టైమర్ పెట్టివ్వండి, మోగినప్పుడల్లా రెండు గుక్కలు నీళ్లు. ఏ చవక వాచీలోనైనా ఉండే సౌకర్యం ఇది.

ఉపగ్రహం ద్వారా ఎస్‌ఓఎస్ (ఆపద సందేశం) పంపే వాచీ విదేశం నుంచి తెప్పించుకుంటే మేలు కదా?

జాగ్రత్త. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసేజ్ పరికరాలు దగ్గర పెట్టుకోవడం, వాడటం నేరం. విమానాశ్రయాల్లో వీటితో దొరికి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ పర్యాటకులు ఉన్నారు. ఇప్పుడు కొన్ని ఖరీదైన వాచీల్లోనే ఈ సౌకర్యం వచ్చేసింది కాబట్టి, అమెరికాలో ఉండే బంధువు తెచ్చే ముందు ఏ మోడలో చూసుకోండి. జీపీఎస్ అందుకునే మామూలు వాచీకి ఈ ఇబ్బంది లేదు.

మంచులో వాచీ పని చేస్తుందా?

చేస్తుంది, నెమ్మదిగా. సున్నా కంటే బాగా తగ్గితే తెర మీద అంకెలు బద్ధకంగా మారతాయి, బ్యాటరీ తొందరగా పడిపోతుంది. చేతికి ఉంచుకుంటే ఒంటి వేడికి బాగానే ఉంటుంది. రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీతోపాటే పడుకోబెట్టండి. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేయకండి, లిథియం బ్యాటరీకి హాని. చేతికి ఉన్న వాచీలో ఉష్ణోగ్రత చూసి ‘మైనస్ అన్నారు, ఇరవై చూపిస్తోంది’ అని నవ్వుకోవద్దు, అది మీ చెయ్యి వేడి. విప్పి నీడలో అరగంట పెట్టి చూడాలి.

ఐదు వేల లోపల ఏదైనా చెప్పన్నా.

ఆ ధరలో ‘అవుట్‌డోర్ స్మార్ట్‌వాచ్’ అని బొమ్మ బాగున్నవాటిని కొనకండి. చాలావాటిలో బారోమీటర్ ఉండదు, జీపీఎస్ కొన్నిటిలో ఫోన్‌దే అరువు. మంచి కంపెనీ మామూలు డిజిటల్ వాచీ తీసుకోండి. క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటిదైనా సరే, ఒక బ్యాటరీతో ఏడేళ్ల దాకా నడుస్తుంది. మిగిలిన డబ్బుతో పవర్ బ్యాంకు, హెడ్‌ల్యాంప్, చిన్న కంపాస్. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు. ఈ సరంజామాతో కేదార్‌కంఠ హాయిగా చేయొచ్చు. ఇంకొంచెం పెట్టగలిగితే సోలార్ ఏబీసీ. లక్ష చుట్టుపక్కల ఉండే జీపీఎస్ వాచీలు ఏడాదికి నాలుగైదు నడకలు చేసేవాళ్లకే గిట్టుబాటు.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

ఏబీసీ అయితే కొనొచ్చు. అమ్మేవాళ్లను కలిసినప్పుడు నాలుగంతస్తుల భవనం మెట్లెక్కి దిగండి, పన్నెండు మీటర్ల తేడా చూపించి మళ్లీ వెనక్కి రావాలి. రాకపోతే సెన్సర్ రంధ్రంలో చెమట, దుమ్ము పేరుకుని ఉండొచ్చు. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి మళ్లీ చూడమనండి. నాలుగు దిక్కులకూ తిరిగి కంపాస్ చూడండి. వెనక మూత స్క్రూలు అరిగి ఉంటే ఎవరో తెరిచారని అర్థం, నీటి భద్రత మీద ఆశ వదులుకోవాలి.

జీపీఎస్ వాచీ మూడేళ్లు దాటినదైతే బ్యాటరీ సగం చచ్చి ఉండొచ్చు. నిండా ఛార్జ్ చేయించి, జీపీఎస్ ఆన్ చేసి, ఒక గంట ఆ వీధుల్లోనే నడవండి. ఎంత శాతం తగ్గిందో దాన్నిబట్టి మొత్తం ఎన్ని గంటలొస్తుందో తేలుతుంది. పాత ఓనర్ అకౌంట్ తీసేశారా, ఛార్జింగ్ కేబుల్ ఇస్తున్నారా అని చూసుకున్నాకే డబ్బులివ్వండి.